మీదే దేశం?

పదకొండేళ్ళ క్రితం టెక్సస్‌లోని షుగర్ ల్యాండ్‌లో ఇల్లు కొన్న రోజున, ఇళ్ళ క్రయవిక్రయాల కాగితాలు చూసే టైటిల్ కంపెనీ ఆఫీసులో ఒక పొడవాటి బల్ల ముందు మా ఆయన, నేను కూర్చున్నాం. నాకు అప్పటికి ఉద్యోగం లేదు. హెచ్-4 వీసా మీద ఉన్నదాన్ని కాబట్టి ఈ దేశంలో నా పేరున ఒక్క డాలరు సంపాదన లేదు, ఇంటి అప్పంతా ఆయన జీతం చూసే ఇచ్చారు. కాగితాలన్నీ ఆయన సంతకంతో అయిపోతాయని, నేను తోడు వచ్చినదాన్నేనని అనుకుని, పాపను ఒళ్ళో పెట్టుకుని కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నాను. బల్లకు అవతల కూర్చున్నావిడ కాగితాల కట్టను నా వైపు తిప్పి, మీరూ సంతకం పెట్టాలి, టెక్సస్‌లో పెళ్ళయిన తరువాత సంపాదించినది ఏదైనా ఇద్దరిదీ అవుతుంది, జీతం ఎవరి పేరున వచ్చినా సరే, అని చెప్పింది. నా ముఖంలో ఆశ్చర్యం చూసి కాబోలు, ఇది ఇంగ్లండు నుంచి వచ్చిన చట్టం కాదు, స్పెయిన్ నుంచి వచ్చినది, టెక్సస్ రాష్ట్రం కంటే పాతది, అని కూడా అంది.

ఆవిడ ముందున్న పేరుపలక మీద స్పానిష్ ఇంటిపేరు ఉంది. మాట కలపడానికి నేను, మీదే దేశం, అని అడిగాను. ఆవిడ నవ్వి, ఈ దేశమే, మా వాళ్ళు 1731లో కెనరీ దీవుల నుంచి శాన్ ఆంటోనియోకి వచ్చారు, అని చెప్పి తరువాతి కాగితం తీసింది. జార్జి వాషింగ్టన్ పుట్టింది 1732లో అన్న సంగతి ఇంటికి వచ్చి చూసుకున్నాక తెలిసింది. నేను ఇంగ్లీషులో అడిగాను కనుక ఆవిడకు తెలిసే అవకాశం లేదు గానీ, ఆ ప్రశ్నను తెలుగులో రాస్తే జవాబూ అందులోనే ఉంటుంది. గొంతు పైకెత్తితే ప్రశ్న, దించితే ఒప్పుకోలు.

ఈ వ్యాసం ఆ ఒప్పుకోలు గురించే. అమెరికా చరిత్రలో హిస్పానిక్ ప్రజల (స్పానిష్ భాషా మూలాలున్నవాళ్ళ) పాత్ర అనే శీర్షిక కింద సాధారణంగా రాసేవి చదివినప్పుడల్లా నాకు ఒక ఇబ్బంది కలుగుతుంది. ఏటా సెప్టెంబరు 15 నుంచి అక్టోబరు 15 దాకా హిస్పానిక్ వారసత్వ మాసం జరుపుతారు. 1968లో ప్రెసిడెంట్ జాన్సన్ కాలంలో వారంగా మొదలై, 1988లో రీగన్ కాలంలో నెల అయింది. ఆ నెలలో బడుల్లో, ఆఫీసుల్లో రంగుకాగితాల తోరణాలు కడతారు, టాకోలు పెడతారు, ‘ఈ దేశానికి హిస్పానిక్ ప్రజలు చేసిన సేవలు’ అని ఒక బోర్డు పెట్టి పదిమంది ఫొటోలు అంటిస్తారు. సేవ అన్న మాట దగ్గరే నాకు అభ్యంతరం. బయటినుంచి వచ్చినవాడు ఇంటికి ఏం తెచ్చాడో లెక్క చూస్తాం గానీ, ఆ ఇంట్లోనే పుట్టినవాడిని ఏం తెచ్చావని అడగం. పునాది తవ్వినవాళ్ళలో ఒకరిని పట్టుకుని, వచ్చినందుకు సంతోషం అని పూలదండ వేయడంలో గౌరవం కంటే మతిమరుపు ఎక్కువ ఉందని నా వాదన.

నా సంతకం సంగతితోనే మొదలుపెడతాను. ఇంగ్లండు చట్టంలో పెళ్ళితో భార్య ఆస్తి మీద పెత్తనమంతా భర్తకు పోయేది. స్పెయిన్ చట్టం అలా కాదు, పెళ్ళయ్యాక కూడబెట్టినదంతా ఇద్దరి ఉమ్మడి సొత్తు అనే పద్ధతి ఎప్పుడో ఆ దేశాన్ని ఏలిన విసిగోతు రాజుల కాలం నుంచీ అక్కడ ఉంది. 1836లో మెక్సికో నుంచి విడిపోయిన టెక్సస్, 1840 జనవరిలో ఇంగ్లీషు చట్టాన్ని మొత్తంగా స్వీకరిస్తూ కూడా ఈ ఒక్క పద్ధతిని వదులుకోలేదు. అప్పటికే ఇక్కడ ఉన్న కుటుంబాలకు అది అలవాటైన న్యాయం, కొత్తగా వచ్చిన ఆంగ్లో కుటుంబాలకూ, అంటే ఇంగ్లీషు మాట్లాడే తెల్లవాళ్ళకూ, అది నచ్చింది. కాలిఫోర్నియా, అరిజోనా, న్యూ మెక్సికోలలో కూడా నేటికీ ఇదే నడుస్తోంది. మన దేశంలో ఇలాంటి చట్టం గోవాలో ఉంది, అది కూడా పోర్చుగీసువాళ్ళు వదిలి వెళ్ళినదే. డల్లాస్‌లోనూ హ్యూస్టన్‌లోనూ సొంత ఇళ్ళున్న వేలాది తెలుగు ఆడవాళ్ళు, వీసా కారణంగా ఉద్యోగం చేయలేకపోయిన నాబోటివాళ్ళతో సహా, తమ ఇంట్లో సగానికి హక్కుదారులయ్యారంటే అది ఆ పాత న్యాయం పుణ్యమే. ఏ వారసత్వ మాసపు బోర్డు మీదా నేను దీన్ని చూడలేదు.

మూడేళ్ళ క్రితం అమ్మ వచ్చినప్పుడు శాన్ ఆంటోనియో తీసుకువెళ్ళాం. అందరూ వెళ్ళే అలమో కోట, నది ఒడ్డు చూసిన తరువాత, ఊరికి దక్షిణాన ఉన్న ఎస్పాడా మిషన్ దాకా వెళ్ళాం. పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రాన్సిస్కన్ సన్యాసులు ఆ నది వెంట ఐదు మిషన్లు, అంటే స్థానికులను క్రైస్తవంలో చేర్చే మఠాలు, కట్టించారు. వాటిలో మొదటిది 1718లో మొదలైంది, అదే తరువాత అలమో అయింది. 2015లో ఈ ఐదింటినీ యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఎస్పాడా దగ్గర ఒక చిన్న వాగు మీదుగా కాలువను దాటించే రాతి వంతెన ఉంది. 1740ల నాటిది, రెండు కమానుల మీద నిలబడి ఉంటుంది. వాగు కింద పారుతుంటే కాలువ దాని నెత్తి మీదుగా అవతలి గట్టుకు పోతుంది. ఇన్ని వరదలు వచ్చిపోయినా ఇప్పటికీ అందులో నీళ్ళు నడుస్తున్నాయి. ఆ కాలువలను అక్కడ అసేకియాలంటారు. మాట అరబ్బీ, అది స్పెయిన్‌కు వెళ్ళి స్పానిష్ అయి, సముద్రం దాటి ఇక్కడికి వచ్చింది.

అమ్మకు కోట మీద, ఫొటోల మీద ఆసక్తి కలగలేదు గానీ ఈ కాలువ దగ్గర మాత్రం కూలబడింది. ఆమె చిన్నప్పుడు మా తాతగారి చేను చెరువు కింద ఉండేది. చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని గట్టు వెంట కొంతదూరం నడిచి, అడుగు వాలు ఎంత సన్నగా పెట్టారో చెయ్యి పెట్టి చూసి, ఇక్కడ నీరుగంటి ఎవరు, అని అడిగింది. మా వైపు చెరువు నీళ్ళు ఏ చేనికి ఏ పూట వదలాలో చూసే మనిషిని నీరుగంటి అంటారు. న్యూ మెక్సికోలో వందల అసేకియాలు ఈనాటికీ రైతుల ఉమ్మడి నిర్వహణలో ఉన్నాయని, ప్రతి కాలువకూ మయోర్దోమో అనే పెద్ద ఒకడు ఉంటాడని, వసంతకాలంలో రైతులందరూ పారలు పట్టుకుని పూడిక తీస్తారని నాకు తెలిసినంత చెప్పాను. శాన్ ఆంటోనియోలో కాలువ కింద తడి భూములను చీట్లు వేసి పంచేవారు. అందుకని ఆ మడిచెక్కను సువెర్తె అన్నారు, అంటే అదృష్టం అని అర్థం. అమ్మ దానికి నవ్వలేదు. కాలువ చివరి చేను వచ్చినవాడిని అదృష్టవంతుడని ఎవరంటారు, అంది.

ఇక్కడ ఒక మాట దాచకూడదు. ఆ రాళ్ళు మోసిందీ కాలువ తవ్విందీ సన్యాసులు కాదు, మిషన్లలోకి చేర్చిన స్థానిక జాతులవాళ్ళు. తిండికీ రక్షణకూ వచ్చినవాళ్ళున్నారు, వెనక్కి పోబోతే పట్టి తెచ్చినవాళ్ళున్నారు, తెల్లవాళ్ళ రోగాలకు చనిపోయినవాళ్ళు లెక్కలేనంతమంది. న్యూ మెక్సికోలో ఆకోమా ప్రజలు తిరగబడితే 1599లో స్పానిష్ గవర్నరు హువాన్ దె ఓన్యాతె వందలమందిని చంపించి, బందీలైన మగవాళ్ళకు పాదం నరికే శిక్ష వేశాడు. హిస్పానిక్ చరిత్రను ఎత్తి చూపించాలనుకునేవాళ్ళు ఈ పేజీని చింపేస్తే నేను మొదట చెప్పిన మతిమరుపునే ఇంకో పక్కనుంచి చేసినట్టు అవుతుంది. కాకపోతే ఈ కథలో కొట్టినవాడి రక్తమూ దెబ్బతిన్నవాడి రక్తమూ ఒకే మనవడిలో కలిసిపోయాయి. నేటి మెక్సికన్ అమెరికన్లలో అత్యధికులకు రెండు వైపులా పూర్వీకులున్నారు. పద్దెనిమిది వందల ముప్పయిలలో ఇక్కడికి వచ్చిన ఆంగ్లో వలసదారుకు ఆ ఇద్దరూ ఒకటే, ఇద్దరూ అడ్డే.

టెక్సస్ బడుల్లో ఏడో తరగతిలో రాష్ట్ర చరిత్ర చెబుతారు. నిరుడు మా అమ్మాయికి ఆ పాఠాలు వచ్చినప్పుడు నేనూ పక్కన కూర్చుని చదివాను. అలమో కథ ఎవరికైనా తెలిసిందే. 1836 మార్చి 6న, టెక్సస్ తిరుగుబాటుదార్లు కాచుకున్న ఆ కోటను మెక్సికో అధినేత శాంటా అన్నా సైన్యం పట్టుకుంది, లోపల పోరాడినవాళ్ళు దాదాపు అందరూ చనిపోయారు. మనసులో బొమ్మ కట్టుకుంటే లోపల తెల్లవాళ్ళు, బయట మెక్సికన్లు. నిజానికి లోపల గ్రెగోరియో ఎస్పార్సా ఉన్నాడు, శాన్ ఆంటోనియోలో పుట్టినవాడు, పెళ్ళాంబిడ్డలతో సహా కోటలోకి వెళ్ళి ఫిరంగి దగ్గర చనిపోయాడు. అతని సోదరుడు ఫ్రాన్సిస్కో మెక్సికో సైన్యం పక్షాన ఉన్నాడు. కోటలో చనిపోయినవాళ్ళ శవాలను శాంటా అన్నా కుప్పలు వేసి తగలబెట్టించినప్పుడు, ఫ్రాన్సిస్కో అనుమతి అడిగి తన సోదరుడిని మాత్రం పాతిపెట్టుకున్నాడు. మన భారతంలో ఇలాంటివి చదివి కన్నీళ్ళు పెట్టుకుంటాం. ఇక్కడ మాత్రం అది పేజీ అడుగున ఒక చిన్న గమనికగా మిగిలింది.

అసలు పోరాటం దేనికి అన్న ప్రశ్న కూడా అంత సులభం కాదు. స్వేచ్ఛ కోసం అని చెబుతారు. శాంటా అన్నా రాజ్యాంగాన్ని రద్దు చేసి అధికారమంతా చేతిలోకి తీసుకున్న మాట నిజం, దానికి ఎదురు తిరిగినవాళ్ళలో టెహానోలు, అంటే టెక్సస్‌లో అప్పటికే స్థిరపడ్డ స్పానిష్ మాట్లాడే కుటుంబాలవాళ్ళు, ముందు వరుసలో ఉన్న మాటా నిజం. అయితే మెక్సికో 1829లో బానిసత్వాన్ని రద్దు చేసింది, 1836 నాటి టెక్సస్ రాజ్యాంగం దాన్ని తిరిగి కాపాడింది. ఈ రెండు తేదీలనూ పక్కపక్కన పెట్టి చూడని స్వేచ్ఛ కథ సగం కథే. ఆ తరువాత టెక్సస్ బానిసలు కొందరు స్వేచ్ఛ కోసం దక్షిణాన రియో గ్రాండె దాటి మెక్సికోకు పారిపోయేవారు. ఈనాడు టీవీల్లో కనిపించే బొమ్మకు ఇది సరిగ్గా తలకిందులు.

నాకు ఈ కథలో అందరికంటే ఎక్కువ పట్టేది హువాన్ సెగీన్. అలమోలో ఉన్నాడు, సాయం కోసం ఉత్తరం పట్టుకుని శత్రువుల మధ్య నుంచి బయటికి వెళ్ళినందువల్ల బతికాడు. టెక్సస్ స్వాతంత్ర్యాన్ని తేల్చిన శాన్ హసింతో యుద్ధంలో టెహానో దళానికి నాయకుడు. తమ పక్షంవాళ్ళే శత్రువులనుకుని కాల్చకుండా అతని మనుషులు టోపీలకు అట్టముక్కలు గుచ్చుకోవలసి వచ్చింది. సొంత దేశం కోసం ప్రాణాలకు తెగించి పోరాడుతూ, నేను మీవాడినే అని అట్టముక్కతో నిరూపించుకోవడం అనే దృశ్యం చాలు, మిగతా నూట ఎనభై ఏళ్ళ చరిత్ర అర్థం కావడానికి. యుద్ధం గెలిచాక అలమో మృతుల అస్థికలకు సైనిక మర్యాదలతో అంత్యక్రియలు జరిపించింది కూడా అతనే. శాన్ ఆంటోనియోకు మేయరయ్యాడు. 1842 నాటికి, మెక్సికోతో కుమ్మక్కయ్యాడన్న పుకార్లతో, కొత్తగా వచ్చినవాళ్ళ బెదిరింపులతో ఆ పదవి వదిలి, ఎవరిమీద పోరాడాడో ఆ మెక్సికోకే పారిపోయాడు. పుట్టిన గడ్డమీదే పరాయివాడినయ్యానని 1858లో అచ్చువేసిన తన జ్ఞాపకాలలో రాసుకున్నాడు. అతని తరువాత ఆ ఊరికి మళ్ళీ హిస్పానిక్ మేయరు 1981లో హెన్రీ సిస్నెరోస్ వచ్చేదాకా లేడు.

1848 ఫిబ్రవరి 2న గ్వాడలూపె ఇడాల్గో ఒప్పందంతో మెక్సికో తన దేశంలో దాదాపు సగాన్ని కోటిన్నర డాలర్లకు వదులుకుంది. ఆ నేల మీద ఎనభై వేల నుంచి లక్షదాకా మెక్సికో పౌరులున్నారు. ఏడాదిలోగా దక్షిణానికి పోవచ్చు, లేదా ఉన్నచోటే ఉండి అమెరికా పౌరులు కావచ్చు అన్నారు. దాదాపు అందరూ ఉన్నచోటే ఉన్నారు. నాకు ఇది పుస్తకంలో చదివి తెలుసుకోవలసిన సంగతి కాదు. మా తాతగారిది బళ్ళారి దగ్గర పల్లె. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన రోజునే బళ్ళారి మైసూరు రాష్ట్రంలోకి వెళ్ళింది. తాతగారు ముందురోజు రాత్రి మద్రాసు రాష్ట్రంలో పడుకుని పొద్దున మైసూరు రాష్ట్రంలో లేచారు. ఇంటి అరుగు మారలేదు గానీ అర్జీ రాసే భాష మారింది. అది ఒకే దేశంలో జరిగిన సర్దుబాటు, ఆయన పొలం ఎవరూ అడగలేదు. ఇక్కడ పొలమే అడిగారు.

ఒప్పందంలో భూదాన పట్టాలను గుర్తిస్తామన్న పదో అధికరణాన్ని అమెరికా సెనేట్ కొట్టేసింది. 1851లో కాలిఫోర్నియాకు చేసిన చట్టం ప్రకారం, తరతరాలుగా భూమి మీద ఉన్నవాడే కమిషన్ ముందుకు వెళ్ళి అది తనదని రుజువు చేసుకోవాలి. పాత పట్టాల్లో ఎల్లలంటే ఒక ఓక్ చెట్టు, ఒక వాగు మలుపు, ఒక ఎద్దు పుర్రె. కోర్టు భాష ఇంగ్లీషు. కమిషన్ నుంచి సుప్రీంకోర్టు దాకా నడిచి చేతికి పక్కా కాగితం రావడానికి సగటున పదిహేడేళ్ళు పట్టేది. ఈలోగా బంగారం కోసం వచ్చినవాళ్ళు భూమిలో గుడిసెలు వేసేవారు, వకీళ్ళు ఫీజు కింద భూమి రాయించుకునేవారు. కేసు గెలిచి భూమి పోగొట్టుకున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. కోర్టుల చుట్టూ తిరిగి ఎకరాలు కరగదీసుకున్న ఇళ్ళు మన జిల్లాల్లోనూ ఉన్నాయి కాబట్టి ఇంతకంటే వివరించనక్కర్లేదు. కాలిఫోర్నియా 1849 రాజ్యాంగం చట్టాలన్నీ ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ అచ్చువేయాలని చెప్పింది. 1879 నాటి కొత్త రాజ్యాంగంలో ఆ మాట మాయమైంది.

అందరూ చెప్పే సంగతులను నేను త్వరగా దాటేస్తాను. కౌబాయి అనే మనిషి మెక్సికన్ పశువుల కాపరి అయిన వకేరో నుంచి పుట్టాడు. రాంచ్, రోడియో, లాసో, కొరాల్, మస్టాంగ్ అన్నీ ఆ ఇంటి మాటలే. స్పానిష్ వెండి డాలరు 1857 దాకా అమెరికాలో చట్టబద్ధంగా చెల్లింది, 1792లో సొంత డాలరుకు కొలతగా తీసుకున్నది కూడా దాన్నే. ఆ వెండే డచ్చి, ఇంగ్లీషు ఓడల్లో మచిలీపట్నానికి వచ్చి మన కలంకారీ గుడ్డలకు మూల్యమైంది. వారాంతాల్లో మనవాళ్ళు కార్లు కట్టుకుని పోయే గాల్వెస్టన్ సముద్రతీరానికి ఆ పేరు బెర్నార్దో దె గాల్వెస్ వల్ల వచ్చింది. లూసియానాకు స్పానిష్ గవర్నరుగా ఉంటూ అతను 1779 నుంచి 1781 దాకా బాటన్ రూజ్, మొబీల్, పెన్సకోలాలను బ్రిటిష్‌వాళ్ళ చేతిలోనుంచి లాక్కోకపోతే, వాషింగ్టన్ వెనకవైపు నుంచి కూడా దెబ్బ కాచుకోవలసి వచ్చేది. అతని సైన్యం తిన్న గొడ్డుమాంసం శాన్ ఆంటోనియో చుట్టుపక్కల రాంచ్‌ల నుంచి వకేరోలు తోలుకెళ్ళిన పశువులది. అమెరికా కాంగ్రెసు అతనికి గౌరవ పౌరసత్వం ఇచ్చింది 2014లో.

కోర్టుల దగ్గర మాత్రం కాసేపు ఆగాలి, ఎందుకంటే అక్కడ జరిగినది నేరుగా మన పిల్లల బడిబస్సు దాకా వస్తుంది. 1940లలో కాలిఫోర్నియాలోని వెస్ట్‌మిన్‌స్టర్ అనే ఊళ్ళో గొన్సాలో, ఫెలిసితాస్ మెండెస్ దంపతులు కూరగాయల తోట కౌలుకు చేసేవారు. తోట మునెమిత్సు అనే జపనీస్ అమెరికన్ కుటుంబానిది, యుద్ధకాలంలో వాళ్ళను ప్రభుత్వం నిర్బంధ శిబిరంలో పెట్టింది. మెండెస్ పిల్లలనూ మేనత్త పిల్లలనూ కలిపి మేనత్త బడిలో చేర్చడానికి తీసుకువెళ్ళింది. ఆమె పిల్లలు తెల్లగా ఉన్నారు, ఇంటిపేరు ఫ్రెంచిలా వినబడింది, వాళ్ళను చేర్చుకున్నారు. నల్లగా ఉన్న మెండెస్ పిల్లలను మెక్సికన్ బడికి పొమ్మన్నారు. ఆమె తన పిల్లలను కూడా వెనక్కి తీసుకుని ఇంటికి వచ్చేసింది. తండ్రి ఇంకో నాలుగు కుటుంబాలను కలుపుకుని 1945లో కోర్టుకు వెళ్ళాడు, తల్లి తోట నడిపింది. 1946లో గెలిచారు, 1947లో పై కోర్టు కూడా సమర్థించింది. నల్లజాతి హక్కుల సంస్థ తరఫున థర్గుడ్ మార్షల్ ఆ కేసులో వాదనపత్రం దాఖలు చేశాడు. ఆ ఏడే కాలిఫోర్నియాలో బడుల విభజన చట్టాన్ని రద్దు చేస్తూ సంతకం చేసిన గవర్నరు ఎర్ల్ వారెన్. ఏడేళ్ళ తరువాత, సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా, బ్రౌన్ కేసులో దేశమంతటా బడుల విభజనను కొట్టేసినదీ ఆయనే, ఆయన ముందు వాదించినది మార్షలే.

బ్రౌన్ తీర్పు 1954 మే 17న వచ్చింది. దానికి సరిగ్గా రెండు వారాల ముందు, మే 3న, అదే వారెన్ ఇంకో తీర్పు చెప్పాడు. మా ఊరి మీదుగా పోయే 59వ రహదారి పట్టుకుని నైరుతిగా వెళితే వచ్చే ఎడ్నా అనే చిన్న ఊరి కేసు అది. ఒక హత్యకేసు నిందితుడి తరఫున గుస్ గార్సియా, కార్లోస్ కదేనా అనే ఇద్దరు మెక్సికన్ అమెరికన్ వకీళ్ళు, ఆ కౌంటీలో ఇరవై అయిదేళ్ళుగా ఒక్క మెక్సికన్ ఇంటిపేరువాడూ జ్యూరీలో కూర్చోలేదని వాదించారు. మెక్సికన్లు చట్టం దృష్టిలో తెల్లవాళ్ళే కదా, ఇక వివక్ష ఎక్కడిది అని రాష్ట్రం జవాబు. ఆ కోర్టు భవనంలోనే మగవాళ్ళ మరుగుదొడ్లు రెండు ఉన్నాయి. ఒకదానికి పలక లేదు, రెండోదాని మీద ‘నల్ల మగవాళ్ళు’ అని ఇంగ్లీషులో, దాని కింద ‘మగవాళ్ళు ఇక్కడ’ అని స్పానిష్‌లో రాసి ఉంది. సిద్ధాంతం పుస్తకంలో ఏమున్నా మరుగుదొడ్డి తలుపు అబద్ధం చెప్పలేదు. అందరికీ చట్టం ముందు సమాన రక్షణ ఇచ్చే రాజ్యాంగపు పద్నాలుగో సవరణ నలుపు, తెలుపు అనే రెండు రంగులకే పరిమితం కాదని కోర్టు ఏకగ్రీవంగా తేల్చింది. ఆ రెండు రంగుల్లో ఏ ఒక్కదానిలోనూ ఇమడని మనవంటివాళ్ళు ఈ రోజు ఆ వాక్యం నీడలోనే నిలబడి ఉన్నాం.

ఇప్పుడు మన ఇళ్ళలోకి వస్తాను. ఇంటి పైకప్పు వేసేవాళ్ళను, పెరట్లో గడ్డి కోసేవాళ్ళను మనం అమిగోలంటాం, అమిగోలొచ్చారా అంటాం. మాటకు అర్థం స్నేహితుడు, మనం వాడే అర్థం కూలివాడు. ప్యూర్టో రికో మనిషి, ఎల్ సాల్వడోర్ మనిషి, ఏడు తరాల టెహానో, అందరూ మనకు మెక్సికన్లే. ఢిల్లీలో మనల్ని మద్రాసీలంటే మాత్రం రోషం వస్తుంది. 2020 జనగణనలో హిస్పానిక్ ప్రజలు 6.21 కోట్లమంది, దేశంలో 18.7 శాతం. టెక్సస్‌లో 39 శాతానికి పైగా, ఆంగ్లో తెల్లవాళ్ళతో దాదాపు సమానం. ఇంతమందిని ఒక్క పిలుపులో సర్దేశాం.

ఏ విందులోనైనా ఈ మాట ఎత్తితే వచ్చే జవాబు నాకు కంఠతా వచ్చు. మనం చట్టప్రకారం వరుసలో నిలబడి వచ్చాం, వాళ్ళు గోడ దూకి వచ్చారు. ఇది పూర్తిగా కొట్టిపారేయవలసిన వాదన కాదు. ఏళ్ళ తరబడి గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూసినవాడి కడుపుమంట నాకు తెలుసు, మేమూ ఆ వరుసలోనే ఉన్నాం. అయితే ఆ వరుస ఎలా పుట్టిందో చూడాలి. 1965 అక్టోబరు 3న జాన్సన్ సంతకం చేసిన చట్టం ఆసియావాళ్ళకు తలుపు తీసింది, మనలో ప్రతి ఒక్కరం ఆ తలుపులోంచే వచ్చాం. అదే చట్టం, అప్పటిదాకా సంఖ్యాపరిమితి లేని అమెరికా ఖండాల దేశాలకు 1968 నుంచి ఏడాదికి లక్షా ఇరవై వేలు అనే హద్దు పెట్టింది. అంతకు ముందు ఏడాది, 1964లో, బ్రసేరో పథకం ముగిసింది. 1942 నుంచి ఇరవై రెండేళ్ళపాటు దాదాపు 46 లక్షల ఒప్పందాల మీద మెక్సికో కూలీలను ప్రభుత్వమే పిలిపించుకుంది, సరిహద్దులో ఒంటిమీద డీడీటీ చల్లి మరీ పొలాలకు పంపింది. పొలాలు అక్కడే ఉన్నాయి, పని అక్కడే ఉంది, రైతులు పిలుస్తూనే ఉన్నారు, మారినదల్లా కాగితం. నిన్నటిదాకా బస్సుల్లో ఎక్కించి తెచ్చిన మనిషి అదే పనికి అదే దారిన వస్తే నేరస్థుడయ్యాడు. ఆ చట్టానికి సంతకం పెట్టిన జాన్సన్ ఇరవై ఏళ్ళ వయసులో కొటుల్లా అనే ఊళ్ళో మెక్సికన్ పిల్లల బడిలో పాఠాలు చెప్పినవాడు, వాళ్ళ ఆకలిని మరిచిపోలేదని 1965 మార్చిలో కాంగ్రెసు ముందు స్వయంగా చెప్పినవాడు కావడం చరిత్రలో ఉన్న విచిత్రాల్లో ఒకటి.

వరుసలో నిలబడి పౌరులైనవాళ్ళకైనా భద్రత ఉండిందా అంటే అదీ లేదు. 1930ల మాంద్యంలో లక్షలాది మెక్సికన్ వంశీయులను రైళ్ళు ఎక్కించి దక్షిణానికి పంపేశారు, వాళ్ళలో సగానికి పైగా ఇక్కడే పుట్టిన పౌరులని అంచనా. కాలిఫోర్నియా రాష్ట్రం దానికి క్షమాపణ చట్టం చేసింది 2005లో. ఇక వరుస విషయానికే వస్తే, ప్రతి నెలా మనం గుండె చేత్తో పట్టుకుని తెరిచే వీసా బులెటిన్‌లో ఇండియా అనే గడి పక్కన ఉన్న గడి ఏదో ఎప్పుడైనా చూశారా? మెక్సికో. కుటుంబ కోటాలో కొన్ని వర్గాలకు అక్కడి తేదీ ఇరవై ఏళ్ళకు పైగా వెనక ఉంటుంది. ఒకే పట్టికలో భుజాలు రాసుకుంటూ నిలబడి, పక్కవాడు వరుసలో లేడని మనం అంటున్నాం. నిజానికి వందేళ్ళ క్రితం మన దేశపువాళ్ళకు ఇది తెలుసు. కాలిఫోర్నియాలోని ఇంపీరియల్ లోయకు వచ్చిన పంజాబీ రైతులు, చట్టం తమ ఆడవాళ్ళను రానివ్వకపోతే, మెక్సికన్ ఆడవాళ్ళను పెళ్ళిచేసుకుని, హోసె సింగ్ వంటి పేర్లు పెట్టి పిల్లల్ని పెంచారు. అమెరికా కాంగ్రెసుకు మొట్టమొదట ఎన్నికైన భారతీయుడు దలీప్ సింగ్ సౌంద్ 1956లో గెలిచింది ఆ లోయ ఉన్న నియోజకవర్గం నుంచే.

మా అమ్మాయి చదివిన బడి పేరు మకారియో గార్సియా మిడిల్ స్కూల్. ఆ పేరున్న బూడిదరంగు స్వెట్‌షర్టును రెండేళ్ళు నా చేతులతో వాషింగ్ మెషిన్‌లో వేశాను, ఆయనెవరని ఒక్కనాడు అడగలేదు. చరిత్ర ప్రాజెక్టుకు ఏదైనా స్థానిక వ్యక్తిని ఎంచుకోమన్నప్పుడు అది ఆయనను ఎంచుకుంది. మెక్సికోలోని కొవహిలాలో 1920లో పుట్టి, పొలంపని చేసే తల్లిదండ్రులతో షుగర్ ల్యాండ్ వచ్చాడు. 1944 నవంబరులో జర్మనీలోని గ్రొస్‌హౌ దగ్గర గాయపడి కూడా ఒంటరిగా పాకుతూ వెళ్ళి రెండు మెషిన్‌గన్ స్థావరాలను ధ్వంసం చేశాడు. 1945 ఆగస్టు 23న ప్రెసిడెంట్ ట్రూమన్ తన చేతులతో అతని మెడలో అమెరికా అత్యున్నత సైనిక పతకమైన మెడల్ ఆఫ్ ఆనర్ వేశాడు. అప్పటికి అతనింకా అమెరికా పౌరుడు కూడా కాడు, పౌరసత్వం 1947లో వచ్చింది. పతకం అందుకుని నెల తిరగకముందే, సెప్టెంబరులో, ఇక్కడికి దగ్గరలోని రిచ్‌మండ్‌లో ఒక కేఫేలోకి యూనిఫారంతో వెళితే, మెక్సికన్‌కు తిండి పెట్టేది లేదన్నారు. గొడవైంది. కేసు అతని మీదే పెట్టారు. రేడియోలో దేశమంతా మోగిన తరువాత, వాయిదాల మీద వాయిదాలు పడి, చివరికి అది వీగిపోయింది.

రిచ్‌మండ్ మా కౌంటీకి ముఖ్యపట్టణం. ఈ వేసవిలో ఇంటి దస్తావేజు ధ్రువీకరించిన నకలు ఒకటి అవసరమై అమ్మాయిని వెంటబెట్టుకుని అక్కడి కౌంటీ ఆఫీసుకు వెళ్ళాను. కిటికీ అవతలి ఉద్యోగి కంప్యూటర్లో వెతికి, ముద్ర వేసి కాగితం ఇచ్చింది. బయటికి వచ్చాక అమ్మాయి ఆ కేఫే ఎక్కడ ఉండేదో చూద్దామంది. మెట్ల మీద కూర్చున్న ఒక పెద్దాయనను అడిగాం, ఎదుటి దుకాణంలో అడిగాం, చెప్పగలిగినవాళ్ళు దొరకలేదు. రెండు వీధులు నడిచేసరికి ఎండ మాడ్చేసింది. కారెక్కి, ఏసీ వేసి, నకలు సరిగ్గా ఉందో లేదో ఒకసారి చూసుకున్నాను. పేర్ల దగ్గర ఆయన పేరు, పక్కన నా పేరు, కింద రెండు సంతకాలు. నాది కొంచెం వంకరగా ఉంది, ఆ రోజు పాప ఒళ్ళో ఉంది కదా.